హైదరాబాదు ఆకాశంలో దొరికిన మూడు జీవులు: వాటి ఇంటిపేర్ల చరిత్ర

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, పెట్టిన పేరు తర్వాత వస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు అన్నప్పుడు యల్లాప్రగడ అనేది వంశం, సుబ్బారావు అనేది మనిషి. చాలా దేశాలవారికి ఈ వరుస తలకిందులుగా కనబడుతుంది. విమానాశ్రయాలలోనూ బడి రిజిస్టర్లలోనూ మన పేర్లు అటూ ఇటూ కావడానికి ఇదే కారణం. కాని జీవశాస్త్రం మాత్రం మన పద్ధతిలోనే నడుస్తున్నది. 18వ శతాబ్దంలో స్వీడన్ దేశీయుడు లిన్నేయస్ స్థిరపరచిన ఆచారం ప్రకారం ప్రతి జీవికీ రెండు మాటల పేరు ఉంటుంది. మొదటి మాట ప్రజాతి, అనగా ఇంటిపేరు. రెండవ మాట జాతి, అనగా పెట్టిన పేరు.

2009లో హైదరాబాదు శాస్త్రజ్ఞులు మూడు కొత్త బాక్టీరియాలకు ఇలాగే పేర్లు పెట్టారు: జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. ఆ తర్వాత పదకొండేళ్లలోనే ఈ మూడింటిలో రెండింటి ఇంటిపేర్లు మారిపోయాయి. పెట్టినవారు పొరపాటు చేశారా? లేదు. ఈ మార్పు ఎలా వచ్చిందో, ఎవరికి సాధ్యమైందో తెలుసుకుంటే, పేరు అనేది ఏమిటో కొంత తెలుస్తుంది. వలస వచ్చిన కుటుంబాల వారికి ఈ కథ దూరపుది కాదు.

రూపాన్ని బట్టి బంధుత్వం

బాక్టీరియాలను మొదట చూసినవాడు హాలండు దేశపు లీవెన్‌హుక్. ఆయన బట్టల వర్తకుడు. తాను అరగదీసుకున్న గాజు కటకాలతో 1676లో నీటిలోని సూక్ష్మజీవులను గురించి లండను రాయల్ సొసైటీకి రాశాడు. వీటిని ఏ వర్గంలో చేర్చాలో లిన్నేయస్‌కు కూడా తెలియలేదు. అన్నిటినీ కలిపి, గందరగోళం అనే అర్థం వచ్చే ఒక పేరు కింద పడవేశాడు.

జర్మనీలో ఫెర్డినాండ్ కోన్ 1872లో వీటిని రూపాన్ని బట్టి విభజించాడు. గుండ్రనివి కొన్ని, కడ్డీల వంటివి కొన్ని, మెలికలు తిరిగినవి కొన్ని. కడ్డీల వంటివాటికి బాసిల్లస్ అనే పేరు అప్పుడే స్థిరపడింది. 1884లో డెన్మార్కు దేశపు గ్రామ్ రంగు వేసి గుర్తించే పద్ధతి కనిపెట్టాడు. అదే సంవత్సరం జర్మనీలో డి బారీ ఒక పెద్ద కడ్డీ బాక్టీరియాకు బాసిల్లస్ మెగాటీరియం అని పేరు పెట్టాడు. ఈ పేరును గుర్తుంచుకోవాలి. మన కథలో మళ్లీ వస్తుంది.

రూపాన్ని బట్టి పేరు పెట్టడంలో ఒక చిక్కు ఉన్నది. సంతలో తలపాగాలు చుట్టుకున్న వారందరూ ఒక ఇంటివారు కారు. కడ్డీ ఆకారం ఉన్నవాటినీ, కష్టకాలంలో గట్టి పెంకు కట్టుకొని నిద్రపోయేవాటినీ బాసిల్లస్ ఇంట్లోనే చేర్చుతూ పోయారు. వంద సంవత్సరాలలో ఆ ఇల్లు సత్రమైపోయింది.

అక్షరాలను బట్టి బంధుత్వం

ఈ పరిస్థితిని మార్చినవాడు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ వోజ్. ప్రతి జీవకణంలోనూ ప్రోటీనులను తయారుచేసే యంత్రం వంటి ఒక భాగం ఉంటుంది, దాని పేరు రైబోసోమ్. దానికి సంబంధించిన ఒక జన్యువు, పదహారు ఎస్ అని పిలిచేది, బాక్టీరియాలన్నిటిలోనూ ఉన్నది. దాని పొడవు సుమారు 1500 అక్షరాలు. అక్షరాలంటే డీఎన్ఏలో ఉండే నాలుగు రసాయనాలే. తరతరాలకూ ఈ రాతలో ఒకటో అరో అక్షరం మారుతుంది. తక్కువ తేడా ఉంటే దగ్గరి చుట్టరికం, ఎక్కువ తేడా ఉంటే దూరపు చుట్టరికం. ఈ పద్ధతితోనే వోజ్, ఫాక్స్ కలిసి 1977లో ఆర్కియా అనే వేరొక జీవవర్గం ఉన్నదని చూపించారు.

అయితే 1500 అక్షరాలు ఒక పుటతో సమానం. పుస్తకమంతా చదవకుండా ఒక్క పుట చూసి ఇద్దరు అన్నదమ్ములా, జ్ఞాతులా అని తేల్చడం కష్టం. అందుచేత మరొక పరీక్ష కూడా చేసేవారు. రెండు బాక్టీరియాల డీఎన్ఏను వేడిచేసి, పోగులు విడదీసి, కలిపి చల్లార్చితే ఎంత మేరకు అతుక్కుంటాయో కొలిచేవారు. 70 శాతం కంటే తక్కువ అతుక్కుంటే వేరు జాతి అని 1987లో ఒక కట్టుబాటు ఏర్పడింది. హైదరాబాదు శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్న సాధనాలు ముఖ్యంగా ఇవే.

హైదరాబాదు బెలూన్

టాటా ఫండమెంటల్ రిసెర్చి సంస్థ హైదరాబాదులో ఒక బెలూన్ కేంద్రాన్ని నడుపుతున్నది. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్‌ను ఎగురవేసింది. దాని పరిమాణం 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. అది మోసుకుపోయిన సరంజామా 459 కిలోలు. అందులో పదహారు ఉక్కు గొట్టాలు ఉన్నాయి. వాటిలోని గాలిని ముందే తీసివేసి, సూక్ష్మజీవి అన్నది లేకుండా శుద్ధిచేసి, 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ఆ చలికి బయటి గాలి గొట్టంలోకి వచ్చి గడ్డకడుతుంది. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు వేర్వేరు చోట్ల గాలి పట్టి, గొట్టాలను పారాషూట్ మీద కిందికి దింపారు.

ఇటువంటి ప్రయోగం 2001లో ఒకసారి జరిగింది. అప్పుడు కూడా సూక్ష్మజీవులు దొరికాయి. కాని అవి నేల మీదివే అంటుకున్నాయేమో అనే అనుమానం మిగిలింది. అందువల్ల రెండవసారి మరింత జాగ్రత్త తీసుకున్నారు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లికర్ ఈ ప్రయోగానికి నాయకుడు. ఇస్రో పూర్వాధ్యక్షుడు యు.ఆర్. రావు, హైదరాబాదు సీసీఎంబీ సంస్థాపకుడు పి.ఎం. భార్గవ మార్గదర్శకులు. గొట్టాలలో ఏమున్నదో చూసే బాధ్యత సీసీఎంబీలో ఎస్. శివాజీకీ, పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలో యోగేశ్ శౌచేకీ అప్పగించారు. ఒకరికి తెలియకుండా ఒకరు పరీక్ష చేసి ఫలితాలు సరిచూసుకోవాలన్నది ఏర్పాటు. శివాజీ అంతకు ముందే అంటార్కిటికా మట్టిలోని బాక్టీరియాలకు పేర్లు పెట్టిన అనుభవజ్ఞుడు.

మొత్తం 12 బాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్రపు కాలనీలు మొలిచాయి. వాటిలో తొమ్మిది, పదహారు ఎస్ జన్యువును బట్టి చూస్తే, భూమి మీద తెలిసిన జాతులతో 98 శాతానికి పైగా సరిపోయాయి. మూడు మాత్రం కొత్తవని తేలింది. బంధువులతో పోల్చితే ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి.

నామకరణం

2009 మార్చిలో ఇస్రో ఈ వార్త ప్రకటించింది. మొదటి దానికి, జీవం అంతరిక్షం నుంచి వచ్చిందని వాదించిన ఫ్రెడ్ హోయ్ల్ పేరు పెట్టారు. రెండవ దానికి ఇస్రో పేరు, మూడవ దానికి ఆర్యభటుని పేరు. ఇవి వేరే లోకం నుంచి వచ్చాయని కొందరు అనుకున్నారు. కాని ప్రయోగం చేసినవారు ఆ మాట అనలేదు. అంతరిక్షం నుంచి వచ్చినట్టు దీనివల్ల నిర్ధారణ కాలేదని ఆ ప్రకటనలోనే స్పష్టంగా చెప్పారు. ఆర్యభట్టై జాతి బాక్టీరియా తర్వాత నేలలోనూ మొక్కల వేళ్ల దగ్గరా కూడా దొరికింది.

బాక్టీరియాకు పేరు పెట్టడం అంటే పత్రికలో అచ్చు వేయడం మాత్రమే కాదు. ఆ జీవిని సజీవంగా కనీసం రెండు వేర్వేరు దేశాల భాండాగారాలలో అప్పగించాలి. ఎవరు అడిగినా ఇవ్వాలి. ఆ మొదటి సంతతినే ఆధార నమూనా అంటారు. పేరు దానికి కట్టివేసి ఉంటుంది. సీసీఎంబీవారు ఈ మూడింటినీ అలాగే భద్రపరిచారు. నా దృష్టిలో ఈ కథకు మూలస్తంభం ఇదే.

పుస్తకమంతా చదివిన తర్వాత

ఒక బాక్టీరియా డీఎన్ఏ మొత్తాన్ని, అనగా దాని జీనోమ్‌ను, మొదటిసారి చదివింది 1995లో. అది అమెరికాలో జరిగింది. ఆ పుస్తకంలో 18 లక్షల అక్షరాలు. అప్పుడది పెద్ద బృందం చేసిన పని. తర్వాతి ఇరవై ఏళ్లలో యంత్రాలు చౌక అయ్యాయి, చిన్న ప్రయోగశాలలు కూడా చదవగలిగాయి. అతుకు పరీక్ష అక్కరలేకుండా, రెండు జీనోమ్‌లను కంప్యూటరులో పక్కపక్కన పెట్టి ఎన్ని అక్షరాలు సరిపోతాయో లెక్కకట్టడం వచ్చింది. ఉమ్మడి భాగాలలో సుమారు 95 శాతం సరిపోతే ఒకే జాతి. అంతకు తగ్గితే వేరు జాతి. 2018 నుంచి కొత్త జాతిని ప్రకటించేవారు జీనోమ్ కూడా ఇవ్వాలని శాస్త్రజ్ఞులు ఒక ప్రమాణం ఏర్పరచుకున్నారు.

ఇప్పుడు మన మూడు జీవుల సంగతి చూద్దాం. 2012లో పుణె శాస్త్రజ్ఞులు జానిబాక్టర్ హోయ్లీ జీనోమ్ ప్రకటించారు. దానిలో 30 లక్షలకు పైగా అక్షరాలు ఉన్నాయి. దాని ఇంటిపేరు నిలిచింది.

ఇస్రోనెన్సిస్ కథ వేరు. దానికి బాగా దగ్గర చుట్టం సిల్వెస్ట్రిస్ అనే నేల బాక్టీరియా. ఆ చుట్టాన్ని 2009లోనే బాసిల్లస్ ఇంటి నుంచి వేరుచేసి సోలిబాసిల్లస్ అనే కొత్త ఇల్లు కట్టారు. అనగా ఒక ఏడాదిలోనే ఒకరు వేరుకాపురం పెట్టారు, వారి దగ్గరి బంధువుకు పాత ఇంటిపేరుతో నామకరణం జరిగింది. 2016లో ఈ పొత్తు సరిచేసి, దీనిని సోలిబాసిల్లస్ ఇస్రోనెన్సిస్‌గా మార్చారు.

ఆర్యభట్టై తగవు ఇంకా ఆసక్తికరం. దాని దగ్గరి చుట్టం డి బారీ 1884లో పేరు పెట్టిన మెగాటీరియం. 2009నాటి అతుకు పరీక్షలో రెండూ 70 శాతం గీతకు ఇవతలే ఉన్నాయి కనుక వేరు జాతి అన్నారు. 2019లో కొందరు జీనోమ్‌లను పోల్చి రెండూ ఒకటే అన్నారు. ఒకటే అయితే నియమం ప్రకారం ముందు పుట్టిన పేరుకే హక్కు. 1884 ముందు, 2009 తర్వాత, కనుక ఆర్యభటుని పేరు పోవాలి. 2020లో కెనడాలోని గుప్తా బృందం బాసిల్లస్ సత్రంలో నుంచి పదిహేడు కుటుంబాలను వేరుచేసింది. అందులో ఒకటి ప్రీస్టియా. మెగాటీరియం, ఆర్యభట్టై రెండూ ఆ ఇంటికి వెళ్లాయి, కాని రెండు పేర్లతో, ఇద్దరు మనుషులుగా. పోలిక గీత దగ్గరలోనే ఉన్నది కాబట్టి ఈ అభిప్రాయభేదం వచ్చింది. 95 అనేది మనం గీసుకున్న గీత, ప్రకృతికి ఆ గీత తెలియదు.

మారేది, మారనిది

ఇంటిపేరు మారినా పెట్టిన పేరు అలాగే ఉంటుందన్నది గమనించాలి. ఇస్రోనెన్సిస్ ఇస్రోనెన్సిస్‌గానే ఉన్నది. కొత్త పేరు పక్కన మొదట కనుగొన్నవారి పేరు, 2009 అనే సంవత్సరం కుండలీకరణాలలో రాయాలని నియమం. తర్వాత సరిదిద్దినవారి పేరు దాని వెనుకే వస్తుంది. సరిదిద్దడం అంటే మొదటివారిని తుడిచివేయడం కాదన్నమాట.

మరి ఈ సరిదిద్దడం ఎలా సాధ్యమైంది? ఆధార నమూనా సజీవంగా ఉన్నందువల్ల. 2009లో శివాజీ బృందం తమ తీర్పును మాత్రమే రాసి జీవిని పారవేసి ఉంటే, ఈ రోజు ఎవరూ ఏమీ చెప్పలేకపోయేవారు. తీర్పుతో పాటు సాక్ష్యాన్ని కూడా దాచి, ముందు తరాల చేతికి ఇచ్చారు. 2022 నుంచి మరొక పద్ధతి కూడా వచ్చింది. ప్రయోగశాలలో పెంచడానికి వీలులేని బాక్టీరియాలకు జీనోమ్‌నే ఆధారంగా తీసుకొని పేరు పెట్టవచ్చునంటారు. జీవి లేకుండా రాత మాత్రమే చాలునా అని పెద్దల మధ్య వాదం నడుస్తున్నది.

వలస కుటుంబాలకు ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. మారిషస్, నటాల్, ఫిజీ వెళ్లిన మన పూర్వుల పేర్లను గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. తండ్రి పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరు మాయమైంది. కాని ఆ కూలి పత్రాలలో తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం కూడా రాసి ఉన్నాయి. ఆ కాగితాలు దాచినచోట మనుమలు, మునిమనుమలు తమ ఊరు వెతికి పట్టుకున్నారు. కాగితం పోయినచోట ఎంత తెలివి ఉన్నా ప్రయోజనం లేదు. పేరు తప్పుగా పడడం పెద్ద నష్టం కాదు, ఆధారం పోవడమే నష్టం.

తెలుగు ఊళ్ల పేర్లు

ప్రపంచపు బాక్టీరియా పట్టికలో తెలుగు ఊళ్లు కూడా ఉన్నాయన్న సంగతి మన పిల్లలకు చెప్పవలసినది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సిహెచ్. వెంకటరమణ, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సిహెచ్. శశికళ బృందాలు వెలుతురుతో బతికే బాక్టీరియాల మీద ఏళ్ల తరబడి పనిచేశాయి. రోడోవులమ్ విశాఖపట్నమెన్స్, థియోరోడోకాకస్ కాకినాడెన్సిస్, మారిక్రొమేటియమ్ భీమ్లికం అనే పేర్లలో విశాఖ, కాకినాడ, భీమిలి ఉన్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా, ఆయన పోయిన అయిదేళ్లకు, 1953లో సుబ్బారోమైసిస్ అనే శిలీంధ్రానికి పెట్టారు. అక్కడ ఆయన పెట్టిన పేరు ఇంటిపేరైంది.

ఇక మనం బతుకుతున్న ఈ ఎమిరేట్స్ నేల కూడా సూక్ష్మజీవులకు పుట్టిల్లే. అబుదాబి తీరం వెంట ఉన్న ఉప్పు పర్రలను, అనగా సబ్ఖాలను, 1960ల నుంచి భూగర్భ శాస్త్రజ్ఞులు చదువుతున్నారు. అక్కడ పోటునీరు వచ్చిపోయే చోట బురద మీద చాపలాగా పరుచుకొని ఉండేవి సూక్ష్మజీవుల పొరలే. ఆ ఎండనూ ఆ ఉప్పునూ తట్టుకొని బతుకుతున్నాయి. కారులో వెళ్తూ ఏమీ లేని నేల అని మనం చూసి వదిలివేసే చోటు అది.

ఇక్కడి బడులలో జీవశాస్త్రం చదువుతున్న మన పిల్లలలో ఎవరైనా రేపు ఒక కొత్త జీవికి పేరు పెట్టవచ్చు. వారు పెట్టిన పేరు ఎల్లకాలం నిలవాలని నేను కోరను. తర్వాతి వారు వచ్చి సరిచూసుకోవడానికి వీలుగా ఆధారాన్ని భద్రంగా దాచిపెట్టాలని మాత్రం కోరుతున్నాను. ఇంట్లో తాతల నాటి కాగితాల పెట్టె ఉన్నవారికీ ఇదే నా మనవి.