కృష్ణాతీరమున నీటికుక్క

పిడుగురాళ్ల అనగానే మనకు జ్ఞప్తికి వచ్చునది రాయి, సున్నము. ఊరి చుట్టును సున్నపురాతి గనులు, బట్టీలు. ఊరు దాటి పోయినచో ప్రత్తి చేలు, మిరప తోటలు. ఇట్టి ఊరి పేరు చెప్పి నీటిలో బ్రతుకు జంతువును గూర్చి ప్రసంగించుట శ్రోతలకు వింతగా తోచవచ్చును. కాని ఈ ప్రసంగమునకు బీజము పడినది ఆ ఊరిలోనే.

కొంతకాలము క్రిందట మేము పనిమీద పిడుగురాళ్లకు పోయి ఒక మిత్రుని యింట బస చేసితిమి. వారి కుమారుడు, పదిపండ్రెండేండ్ల బాలుడు, పుస్తకములో బీవరు అను జంతువు బొమ్మను చూపి, "మామయ్యగారూ, ఇది చెట్లు కొరికి ఏటికి అడ్డకట్ట కడుతుందట గదా! మన కృష్ణలో ఉందా?" అని అడిగెను. లేదని చెప్పి ఊరకుంటిమి. కాని ఆ జవాబు మాకే తృప్తి నీయలేదు. బీవరు లేదన్నది నిజమే. అయినను నీటినే నమ్ముకొని బ్రతుకుచు, ఒంటిమీది బొచ్చు మూలమున చావును తెచ్చుకొన్న జంతువు వేరొకటి మన కృష్ణలో ఉన్నది. అదియే నీటికుక్క. ఈ రెండు జంతువుల చరిత్రయు ఒక్క త్రోవనే నడచినది. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము జరిగినది మన కృష్ణ యొడ్డుననే.

ముందు బాలుడడిగిన బీవరు సంగతి చెప్పుకొందము. ఇది ఎలుకలు, ఉడుతలు చేరిన కొరుకుడు జంతువుల తెగలోనిది. ఐరోపా, ఆసియాల చల్లని ప్రాంతములలో ఒక జాతియు, ఉత్తర అమెరికాలో వేరొక జాతియు కలవు. మాంసము ముట్టదు, చెట్ల బెరడు, ఆకులు, నీటిమొక్కలు దాని ఆహారము. ముందుపండ్లు ఉలివలె పదునైనవి. బ్రతికియున్నంత కాలము అరుగుచు, పెరుగుచు ఉండును. తోక వెడల్పై, చదునై, పొలుసులు గలిగియుండును. అపాయము తోచినప్పుడు ఆ తోకతో నీటిని చరచి తనవారిని హెచ్చరించును. ఏటిలో లోతు చాలనిచోట కొమ్మలు, బురద, రాళ్లు పేర్చి కట్ట కట్టును. కట్ట వెనుక నీరు నిలిచి మడుగగును. ఆ మడుగులో కొమ్మలతో ఇల్లు కట్టుకొని, ద్వారమును నీటి అడుగున ఉంచును. తోడేలు ఆ యింటిలో చొరలేదు. చలికాలమున మడుగు పైభాగము గడ్డకట్టినను, అడుగున దాచుకొన్న కొమ్మలను తినుచు కాలము గడపును. కెనడా దేశమున వుడ్ బఫెలో జాతీయవనములో బీవరులు కట్టిన ఒక కట్ట ముప్పాతిక కిలోమీటరునకు మించి పొడవున్నది. మన నాగార్జునసాగరమునకు నది మధ్య కట్టిన రాతి కట్టడపు పొడవు 1450 మీటర్లు. అందులో సగమునకు మించిన కట్టను ఈ చిన్న జంతువులు, ఇంజనీర్లు లేక, పండ్లతోను కాళ్లతోను కట్టినవన్నమాట.

రేడియోలో పనిచేయు మాకు మిక్కిలి వింత గొలిపిన సంగతి మరియొకటి కలదు. 1960 దశకమున స్వీడను శాస్త్రజ్ఞుడు లార్స్ విల్సన్ బీవరులను పెంచి పరిశీలించి, పారు నీటి చప్పుడే వానిని కట్ట కట్టుటకు పురికొల్పుచున్నదని గ్రహించెను. టేపుమీద పట్టిన నీటి చప్పుడును లౌడుస్పీకరులో వినిపించినపుడు, పారు నీరు లేకున్నను, బీవరులు కట్ట పనికి పూనుకొనెను. నీరు ఎక్కడనో కారిపోవుచున్నదని చెవి చెప్పగానే దానిని ఆపవలెనని వాటి తపన.

ఇంతటి పనివాడగు జంతువునకు దాని నూగే శత్రువైనది. పైబొచ్చు క్రింద దట్టముగా పెరుగు ఆ మెత్తని నూగులో ఒక్కొక్క వెండ్రుకకును కంటికి కనబడని కొక్కెములుండును. నొక్కినకొలది అవి ఒకదానినొకటి పట్టుకొని ఫెల్టు అను గట్టి బట్ట యగును. వానకు చెడని టోపీలకు అంతకంటె తగిన బట్ట లేదని ఐరోపా నాగరకులు భావించిరి. టోపీల కొరకు తమ ఖండములోని బీవరులను హరించి, పిదప ఉత్తర అమెరికాపై పడిరి. మన మచిలీపట్నమున 1611లో వర్తకశాల పెట్టిన ఈస్టిండియా కంపెనీని మనమెరుగుదుము. అదే శతాబ్దమున, 1670లో, ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు అనుజ్ఞతో హడ్సన్ బే కంపెనీ వెలసెను. మొదటిది మనవద్దకు మిరియములకును అద్దకపు బట్టలకును వచ్చినట్లే, రెండవది కెనడాకు బీవరు చర్మములకై పోయెను. బీవరు నుండి తీయు గంధద్రవ్యము మందులకును పనికివచ్చెడిది. యునానీ వైద్యములో జుంద్ బేదస్తర్ అని వినబడునది అదియే.

1900 నాటికి ఐరోపా, ఆసియాలలో కలిపి మిగిలిన బీవరులు సుమారు 1200 మాత్రమే. బీవరు పోయిన చోట్ల కట్టలను బాగుచేయు దిక్కు లేక అవి తెగిపోయెను, మడుగులు ఎండెను, మడుగును నమ్ముకొన్న చేపలు, కప్పలు, నీటిపక్షులు తరిగిపోయెను. పట్టణములోని ఒక టోపీ వలన వందల మైళ్ల దూరమున ఒక యేరు రూపు మారిపోయినదనుట అతిశయోక్తి కాదు. 19వ శతాబ్దమున పట్టు టోపీల మోజు వచ్చి ఈ గిరాకి తగ్గెను. నార్వే 1845లోనే బీవరు వేటను నిషేధించెను. స్వీడను 1922లో నార్వేనుండి బీవరులను తెచ్చి తన యేళ్లలో విడిచెను. ఇట్టి ప్రయత్నముల ఫలితముగా నేడు ఐరోపా జాతి బీవరులు పది లక్షలకు మించినవి. పోగొట్టుకొన్న దానిని మరల తెచ్చుకొనవచ్చునని ఇది నిరూపించుచున్నది.

ఇక మన నీటికుక్క. కొన్ని తావుల నీరుకుక్క యందురు. పేరులో కుక్క యున్నను ఇది కుక్కకు చుట్టము కాదు, బీవరుకును కాదు. బీవరు శాకాహారి, ఇది మాంసాహారి. భారతదేశమున నీటికుక్కలలో మూడు జాతులున్నవి. మన మైదానపు నదులలోను, సముద్రతీరపు మడ అడవులలోను కనబడునది నునుపైన బొచ్చు గల జాతి. మూతినుండి తోక కొసవరకు సుమారు ఒక మీటరు పొడవు. బరువు ఏడు మొదలు పదునొకండు కిలోగ్రాముల వరకు. వేళ్లమధ్య చర్మము బాతు కాలివలె అంటియుండును. నీట మునిగినపుడు చెవులు, ముక్కు మూసికొనును. దట్టమైన బొచ్చులో చిక్కిన గాలి దాని ఒంటికి తడి తగులనీయదు.

ఇది ఒంటరిగా బ్రతుకునది కాదు. తల్లి, తండ్రి, ఎదిగిన పిల్లలు, పసికూనలు అంతయు ఒక కుటుంబము. వేటకు పోవునప్పుడు బారులు తీరి, నీటికి ఎదురీదుచు, చేపలను ముందునకు తరిమి పట్టును. ఒడ్డున చెట్లవేళ్ల క్రింద గాని, బండల సందున గాని బొరియ చేసికొని ఈనును. కూనలు కండ్లు తెరువక పుట్టును. ఈత వాటికి పుట్టుకతో రాదు, తల్లిదండ్రులే నేర్పవలెను. పొద్దెక్కినపుడు కుటుంబమంతయు ఇసుకతిన్నెలపై పొర్లి బొచ్చు ఆరబెట్టుకొనును. ఒకేచోట మలము విడుచుట దానికి అలవాటు. చేపపొలుసులు మెరయు ఆ కుప్ప తోటి నీటికుక్కలకు వార్తాపత్రిక వంటిది. ఎవరు వచ్చిరి, ఎప్పుడు వచ్చిరి అను సంగతి వాసనవలననే తెలిసికొనును. బీవరునకును దీనికిని గల ముఖ్యభేదము ఇది. బీవరు తనకు కావలసిన మడుగును తానే కట్టుకొనును; నీటికుక్క ఏమియు కట్టదు. నది ఇచ్చిన మడుగు, నది పోసిన ఇసుక, నది పెంచిన చేప ఇవే దాని ఆస్తి. నది చెడినచో దానికి వేరు గతి లేదు.

మరునాడు ఆ బాలుని వెంటబెట్టుకొని కృష్ణ యొడ్డునకు పోతిమి. ఈ భాగమున 2013 నుండి పులిచింతల జలాశయము నిలిచియున్నది. సాయంకాలము దాక కాచుకొన్నను ఏమియు కనబడలేదు. వల బాగుచేసికొనుచున్న ముసలి జాలరి నొకని అడుగగా అతడు నవ్వి, "మా చిన్నప్పుడు గుంపులు గుంపులుగా వచ్చేయి బాబూ. వలలు చింపి చేపలు ఎత్తుకుపోయేయి. మా అయ్య రోజూ తిట్టేవోడు. ఇప్పుడు తిడదామన్నా కనపడవు" అని చెప్పెను.

ఎందుకు కనబడవు? కారణములు రెండు. మొదటిది చర్మము, రెండవది నది.

చర్మము సంగతి బీవరు టోపీ కథ వంటిదే. టిబెట్టు ప్రజలు చలికి తొడుగుకొను పొడుగాటి అంగీలను చుబాలందురు. ఆ అంగీలకు నీటికుక్క చర్మపు అంచు వేయించుకొనుట కలిగినవారి వేడుక. పెండ్లిండ్లకు, పండుగలకు అది హోదాకు గురుతు. ఆ అంచుల కొరకు భారతదేశపు నదులలో ఉచ్చులు పన్ని, చర్మములను దొంగచాటుగా హిమాలయములు దాటించిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ వేటను నేరముగా నిర్ణయించినను, గిరాకి యున్నంత కాలము ఉచ్చు ఆగలేదు.

ఆ గిరాకిపై పెద్దదెబ్బ తగిలినది ఎక్కడనో కాదు, పిడుగురాళ్ల దాటి దిగువకు పారు ఈ కృష్ణ యొడ్డుననే, అమరావతిలో. బౌద్ధులకు ఇది ధాన్యకటకము. బుద్ధుడు కాలచక్ర బోధను చేసిన తావని టిబెట్టు సంప్రదాయము. 2006 జనవరిలో అక్కడ కాలచక్ర మహోత్సవము జరిగెను. టిబెట్టు నుండియు, ఇతరదేశములనుండియు వేలమంది యాత్రికులు వచ్చిరి. ఆ సభలో దలైలామా, వన్యమృగముల చర్మములను ధరించుట మానవలసినదని తన జనులను కోరిరి. యాత్రికులు ఆ మాటను ఇంటికి మోసికొని పోయిరి. కొలది వారములలోనే, ఆ ఫిబ్రవరిలో, టిబెట్టు ప్రజలు పలుచోట్ల పులి, చిరుత, నీటికుక్క చర్మముల అంచులను కుప్పలు పోసి తగులబెట్టిరి. ఒక్కొక్క అంచు వెల వారి యేండ్ల సంపాదన. చట్టము చేయలేని పనిని పెద్దవాని నోటిమాట చేసెను. ఐరోపాలో టోపీ మోజు మారుటకు శతాబ్దములు పట్టెను. ఇక్కడ ఒక శీతకాలము చాలినది. అమరావతికి పోయి స్తూపమును, శిల్పములను చూచి వచ్చు మనలో ఎందరికి ఈ సంగతి తెలియును?

దొంగవ్యాపారము దానితో పూర్తిగా సమసిపోయినదని చెప్పజాలము. అందుచేతనే 2019లో జినీవా సమావేశమున ప్రపంచదేశములు ఈ జాతి నీటికుక్కలను అంతర్జాతీయ వ్యాపారమునుండి సంపూర్ణముగా నిషేధించు పట్టికలో చేర్చెను.

ఇక రెండవ కారణము నది. విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున ప్రకాశం బారేజి 1957లో వచ్చెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఈ కట్టలను నిందించుట మా ఉద్దేశము కాదు. జవహర్ కాలువ నీరు రాకముందు పల్నాటి మెట్టపొలములు ఎట్లుండెడివో పెద్దలను అడిగిన చెప్పుదురు. పిడుగురాళ్ల బాలుని యింటిలోని అన్నము ఆ నీటి చలువయే. కాని బీవరు కట్ట నుండి నీరు నిత్యము కొంచెముగా జారుచునే యుండును. మన కట్ట నీటిని బిగించి పట్టి, ఒక్కమారు వదలును. ఒడ్డుననున్న బొరియకు ఆ హెచ్చరిక అందదు. దానికి తోడు నదిలోని ఇసుకను బండ్లకెత్తుట, సన్నని నైలాను వలలు, మందుగుండుతోను విషముతోను చేపలు పట్టుట చేరినవి. డెల్టాలో చేపల చెరువులకు నీటికుక్క వచ్చినచో యజమాని దానిని శత్రువుగా చూచుట సహజము. అతని నష్టము నిజమైనదే. అయినను బంగ్లాదేశమున నరాయిల్ ప్రాంతపు జాలరులు ఈ జాతి నీటికుక్కలనే పెంచి, చేపలను వలలోనికి తరిమించు విద్యను తరతరములుగా ఎరుగుదురు. ఆ జంతువుతో మనిషికి పొత్తు కుదరదను మాట నిలువదు.

ఆశ లేకపోలేదు. కృష్ణా, గోదావరీ సంగమముల మడ అడవులలో ఇవి నేటికిని ఉన్నవి. కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యము 1978లో ఏర్పడెను. నీటికుక్కలకది ప్రసిద్ధమైన నెలవు. కృష్ణకు ఉపనదియైన తుంగభద్రలో 34 కిలోమీటర్ల భాగమును కర్ణాటక ప్రభుత్వము 2015లో నీటికుక్కల రక్షణకై ప్రత్యేకించెను. దేశములో అట్టిది అదియే మొదటిది. కృష్ణ ప్రక్క నదిలో సాధ్యమైనది కృష్ణలో సాధ్యము కాకపోదు. దానికి పెద్ద ధనము అక్కరలేదు. కొన్ని మడుగులను, కొన్ని ఇసుకతిన్నెలను, ఒడ్డున కొంత పొదను ముట్టక విడిచిన చాలును. చేపల చెరువునకు నష్టము కలిగినవానికి పరిహారము కూడ ముట్టవలెను.

ఆ బాలునికి మేమిప్పుడు జవాబు వ్రాసితిమి. "నాయనా, మన కృష్ణలో బీవరు లేదు, నీటికుక్క ఉన్నది. ఆనాడు మనకు కనబడకపోవుట దాని తప్పు కాదు. వచ్చే వేసవిలో నీరు తీసిన తరువాత మరల పోదము. ఇసుకమీద వేళ్లనడుమ చర్మము గల అడుగుజాడయో, చేపపొలుసుల కుప్పయో కనబడునేమో వెదకుదము. కనబడినచో ఆ ముసలి జాలరికి కూడ చూపవలెను. మరల తిట్టుకొను భాగ్యము అతనికి కలుగును."

శ్రోతలలో నదీతీరముల నుండువారు కూడ అట్టి జాడలు కనబడినప్పుడు పిల్లలను పిలిచి చూపుదురని మా కోరిక.