ఇనుము కోసం పోటీ: ఒక సిద్ధాంతం కథ

తెగులు కలిగించే శిలీంధ్రం మట్టిలో ఉన్నా కొన్ని పొలాల్లో పైరు ఆరోగ్యంగా పెరుగుతుంది. ఇటువంటి నేలలను వ్యాధినిరోధక నేలలు అంటారు. కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయ నేలలు ఫ్యుజేరియం ఎండుతెగులును ఈ విధంగానే అణచి ఉంచేవి. ఆ మట్టిని వేడి చేస్తే ఈ గుణం పోయేది. అంటే, దానికి కారణం మట్టిలోని సూక్ష్మజీవులే. మరి అవి ఏ విధంగా పనిచేస్తాయి?

1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన క్లోపర్, లియాంగ్, టైంట్జ్, ష్రోత్ ఒక సమాధానం ఇచ్చారు. దానిని అర్థం చేసుకోవడానికి ముందు ఒక విషయం గుర్తుంచుకోండి. భూమి పైపొరలో ఇనుము సుమారు 5 శాతం ఉంటుంది. అయితే గాలి ఆడే తటస్థ, క్షార నేలల్లో అది నీటిలో దాదాపు కరగని ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. అందువల్ల ఇనుము సమృద్ధిగా ఉన్నా జీవులకు అందదు. ఈ కొరతను తట్టుకోవడానికి సూడోమోనాస్ బాక్టీరియా సిడరోఫోర్లు అనే పదార్థాలను విడుదల చేస్తుంది. ఇవి ఫెర్రిక్ ఇనుమును గట్టిగా పట్టి బాక్టీరియాకు చేరుస్తాయి. వ్యాధికారక శిలీంధ్రానికి ఇనుము కరువై, దాని పెరుగుదల కుంటుపడుతుంది.

ఈ పరిశోధకులు బి10 అనే సూడోమోనాస్ రకాన్ని, దాని సిడరోఫోర్ అయిన సూడోబాక్టిన్‌ను విడివిడిగా వ్యాధికి అనువైన నేలల్లో కలిపారు. రెండు సందర్భాల్లోనూ తెగులు తగ్గింది. వ్యాధినిరోధక నేలకు ఫెర్రిక్ ఇనుము చేర్చినప్పుడు తెగులు తిరిగి వచ్చింది. ఇంత స్పష్టమైన ఫలితం వచ్చినా, సిడరోఫోర్లు పాక్షిక కారణమని మాత్రమే వారు పేర్కొన్నారు. ఈ జాగ్రత్తను మీరు ప్రత్యేకంగా గమనించాలి.

ఆ జాగ్రత్త సరైనదేనని తరువాతి పరిశోధనలు చూపాయి. 1988లో థోమాషో, వెల్లర్ గోధుమలో టేక్-ఆల్ అనే వేరు తెగులుపై పరిశోధన చేశారు. ఫినజిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేయలేని సూడోమోనాస్ ఉత్పరివర్తకాలు ఆ తెగులును అంతగా అణచలేకపోయాయి. అంటే అక్కడ ప్రధాన పాత్ర యాంటీబయాటిక్‌ది. కొన్ని రకాల బాక్టీరియా మొక్క స్వంత రక్షణశక్తినే మేల్కొలుపుతుందని 1991 నాటి పరిశోధనలు తెలిపాయి. దీనితో ఇనుము పోటీ అనే సిద్ధాంతం తప్పని తేలలేదు. దాని హద్దులు తెలిశాయి.

ఈ చరిత్రకు మన పొలాలతో సంబంధం ఉంది. నేడు మన రైతులు సూడోమోనాస్ పొడితో విత్తనశుద్ధి చేస్తున్నారు. నీరు నిలిచిన వరిమడిలో ఇనుము కరిగే ఫెర్రస్ రూపంలోకి మారుతుంది. అక్కడ ఇనుము కొరత అనే వాదన మెట్ట నేలలో వలె వర్తించదు. కాబట్టి ఆ పొడి ఒక చోట పనిచేసిందంటే, అన్ని చోట్లా అదే కారణంతో పనిచేస్తుందని భావించరాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఇనుము చేర్చగానే తెగులు తిరిగి రావడం సిడరోఫోర్ల పాత్రను సూచిస్తుంది. అయినా అది మాత్రమే ఎందుకు పూర్తి రుజువు కాదు? ఐదు వాక్యాల్లో వివరించండి.