మహమ్మారి వేళ ప్రశ్నించే హక్కు

హిజ్రీ 18లో సిరియాలో అమ్‌వాస్ ప్లేగు చెలరేగింది. సర్గ్ వరకు వచ్చిన ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సహచరులను సంప్రదించి వెనుదిరగ నిశ్చయించారు. ఇది అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోవడం కాదా అని సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి) నిలదీశారు. ఖలీఫా నొచ్చుకున్నారు, అయినా పచ్చిక ఉన్న వైపుకు ఒంటెలను తోలుకుపోయే కాపరి ఉపమానంతో జవాబిచ్చారు. అడిగినవారి పదవి పోలేదు.

1897లో, బొంబాయి ప్లేగు కాలాన, బ్రిటిషు ప్రభుత్వం చేసిన అంటువ్యాధుల చట్టం తీరు వేరు. అధికారులకు విశేషాధికారాలిచ్చి, 4వ సెక్షనులో వారికి దావాల నుండి రక్షణ కల్పించింది. రోగి హక్కుల ఊసే లేదు. 2020 ఏప్రిల్ 22న వచ్చిన ఆర్డినెన్సు మాత్రం వైద్యసిబ్బందిపై దాడిని బెయిలు లేని నేరంగా మార్చింది.

నెల తిరగలేదు. మే 16న విశాఖపట్నం రహదారిపై డాక్టర్ సుధాకర్‌ను పోలీసులు చేతులు వెనక్కి విరిచి కట్టారు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుడాయన. ఎన్-95 మాస్కులు ఇవ్వడం లేదని బహిరంగంగా అన్న తరువాత ఏప్రిల్‌లో సస్పెండయ్యారు. తాగి గొడవ చేశారని పోలీసుల వాదన. అది నిజమే అనుకున్నా, ఆ కట్లకు సమాధానం కాజాలదు. తరువాత మానసిక వైద్యశాలకు తరలించారు. మే 22న హైకోర్టు సి.బి.ఐ. దర్యాప్తుకు ఆదేశించింది. 2021 మేలో సుధాకర్ గుండెపోటుతో మరణించారు.