చర్చి రిజిస్టర్లు: పాలమూరు పాత రికార్డుల్లో ఏముంటుంది, ఏం ఉండదు

ఆత్మకూరు: నికాహ్ జరిగితే ఖాజీ సాబ్ దగ్గర సియాహాలో రాస్తారు. ఏళ్ల తర్వాత అవసరం పడితే ఆ రాతే ఆధారం. ప్రొటెస్టెంటు చర్చిల్లోనూ ఇలాంటి రిజిస్టర్లు ఉంటాయి. బాప్తిస్మం, పెళ్లి, సమాధి, సంఘ సభ్యుల పేర్లు వాటిలో రాస్తారు. జనన ధ్రువపత్రాలు లేని కాలంలో ఒక పేద కుటుంబం పేరు కాగితం మీదికి ఎక్కిన చోట్లలో ఇదొకటి. అయితే ఏ రిజిస్టర్ దేనికి పనికొస్తుందో తెలియకపోతే చిక్కులు తప్పవు.

ఎవరు మొదలుపెట్టారు?

ఆత్మకూరు, గద్వాల, వనపర్తి నిజాం రాజ్యంలో సంస్థానాలు. ఈ ప్రాంతంలో ముందుగా పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. తర్వాత మెన్నొనైట్ బ్రదరన్ వారు వచ్చారు. జనం వాడుకలో అది ఎం.బి. చర్చి. ఈ సంఘం 1860లో దక్షిణ రష్యాలో పుట్టింది. అక్కడి నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1889లో తెలుగు దేశానికి వచ్చి, బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పనిచేశారు. అమెరికాలోని ఇదే సంఘం మిషనరీలు 1899లో వచ్చారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలను బాప్టిస్టులు ఎం.బి. మిషన్‌కు అప్పగించారు.

అందుకే గద్వాల వైపు చర్చి చరిత్ర రెండు చోట్ల వెతకాలి. 1937కు ముందు మిషనరీలు పంపిన ఉత్తరాలు, నివేదికల కోసం అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు చారిత్రక సంఘాన్ని అడగాలి. తర్వాతి ఎం.బి. మిషన్ పత్రాలకు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పసిఫిక్ యూనివర్సిటీ ముఖ్యమైన చోటు. కుటుంబాల పేర్లు కావాలంటే మాత్రం స్థానిక సంఘం రిజిస్టరే మొదటి మెట్టు.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోని పాత ఆంగ్లికన్ చర్చిల సంగతి వేరు. బ్రిటిష్ కాలంలో వాటి నకళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడ రిజిస్టర్ పోయినా నకలు దొరికే అవకాశం ఉంది. పల్లె చర్చి పుస్తకానికి చెద పడితే ఆ దారి ఉండదు.

బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీ కాదు

ఆంగ్లికన్ చర్చిల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు. రిజిస్టర్‌లో చాలాసార్లు పుట్టిన తేదీ కూడా రాస్తారు. బాప్టిస్టు, ఎం.బి. చర్చిల్లో అలా కాదు. మనిషికి ఊహ తెలిసి, తానే విశ్వాసం ఒప్పుకున్నాక నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. కాబట్టి ఆ తేదీని బట్టి వయసు లెక్కేస్తే పదిహేను, ఇరవై ఏళ్లు తేడా రావచ్చు.

పెళ్లి రిజిస్టర్‌కు చట్టం బలం ఉంది. 1872 క్రైస్తవ వివాహ చట్టం 79వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి రిజిస్టర్‌లో వెతికించుకోవచ్చు, ధ్రువీకరించిన నకలు తీసుకోవచ్చు. 80వ సెక్షన్ ప్రకారం ఆ నకలు సాక్ష్యంగా చెల్లుతుంది. రిజిస్టర్‌ను కావాలని పాడుచేస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడొచ్చు.

ఒక్క రాతతో మారే కోటా

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు ఇప్పటికీ బయటే ఉన్నారు. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారు తెలంగాణలో బీసీ-సి కిందికి వస్తారు, వాటా 1 శాతం. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే.

పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ ఎస్సీ సర్టిఫికెట్ కోరిన కేసును సుప్రీంకోర్టు 2024 నవంబర్ 26న కొట్టివేసింది. పరిశీలించిన ఆధారాల్లో ఆమె బాప్తిస్మం కూడా ఉంది. తాత ముత్తాతల చరిత్ర చెప్పే రాతే, మనవళ్ల కోటాను ప్రశ్నించే కాగితం కూడా అవుతుంది. రిజిస్టర్ బయటపెట్టడానికి కొందరు వెనకాడితే కారణం ఇదే.

ఉర్దూ తెలిసినవారితో పని

చర్చి స్థలాల సంగతి తేల్చాలంటే సంఘం పుస్తకాలు చాలవు. నిజాం కాలంలో సర్కారు భాష ఉర్దూ. పాత సేత్వార్, పహాణీలలో ఉర్దూ రాత, ఫసలీ సంవత్సరాలు కనిపిస్తాయి. ఫసలీకి 590 కలిపితే సుమారుగా ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబర్‌లో మొదలయ్యేది. 1347 ఫసలీ అంటే 1937 అక్టోబర్ నుంచి 1938 అక్టోబర్ వరకు.

ఆ రాత చదవగలిగిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. పక్క వీధి చర్చి వారు పాత కాగితం పట్టుకొస్తే చదివి పెట్టడం చిన్న సాయమే. ఈలోగా రిజిస్టర్ ఉన్నవారు చేయాల్సింది ఒకటుంది. ప్రతి పేజీని ఫొటో తీసి రెండు చోట్ల భద్రపరచాలి. అసలు పుస్తకాన్ని మాత్రం ఎవరి చేతికీ వదిలేయకూడదు.