వాద్యబృందమునకు నీడ యెవరిది?

మన సీమలో సంగీత సాహిత్యములకు ఆదరణ కొరవడెనని ఎవ్వరును అనజాలరు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల ‘విద్వద్గద్వాల’ యని వాసికెక్కినది. అచట ప్రతి సంవత్సరము కార్తీక మాఘ మాసములలో విద్వత్సభలు జరుగుచుండెడివి. దూరప్రాంతముల నుండి వచ్చిన విద్వాంసులు వార్షికములు స్వీకరించి పోవుచుండిరి. వనపర్తి, ఆత్మకూరు సంస్థానములును, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు సంస్థానమును ఈ దాతృత్వమున వెనుకబడినవి కావు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఆస్థానములను దర్శించి సత్కారము లందుకొనిరి.

అయితే ఈ సత్కారముల స్వభావము గమనింపదగినది. అవి ముఖ్యముగా వ్యక్తికి దక్కిన గౌరవములు. ఒక కవి గాని, గాయకుడు గాని శాలువా కప్పుకొని ఇల్లు చేరి, మరల ఏడాదికి రాగలడు. పలువురు కూడి ఒక్క గొంతుకగా వాయించు వాద్యబృందమునకు అట్లు కుదరదు. వారు దినదినము ఒకచోట చేరి సాధన చేయవలెను. వారి కుటుంబములకు నెల తప్పని జీతముండవలెను. ఒకరు వృద్ధులగునప్పటికి వేరొకరు సిద్ధము కావలెను. కావున బృందమునకు జీతము, చూరు, బడి యను మూడును కావలెను. వీనిలో ఏ యొక్కటి లోపించినను కూర్పు చెదరిపోవును.

ఈ సత్యము మన పెద్దలకు తెలియనిది కాదు. దేవాలయ మేళమును చూడుడు. నాగస్వరము, డోలు, శ్రుతి, తాళము అన్నియు కూడిననే మేళము. మేళగాండ్రకు మాన్యములు జీతముగా నుండెను. గుడి మండపము చూరుగా నుండెను. తండ్రి వద్ద కొడుకు నేర్చు విద్య బడిగా నుండెను. అందుచేతనే అది తరతరములుగా నిలిచినది.

పశ్చిమ దేశములలో దీనికి చక్కని నిదర్శనము జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరము. 1743లో ఆ నగర ప్రముఖులు పదునారుగురు పూనుకొని, పదునారుగురు వాద్యకారులను పోషించుచు ఒక సంగీత సమాజమును నెలకొల్పిరి. వారిలో వర్తకులును ఉండిరి. తొలుత ఇండ్లలోను, తరువాత ఒక సత్రములోను కచ్చేరీలు జరిగినవి. 1781లో బట్టల వర్తకుల భవనమున వారి కొక సభామందిరము సిద్ధమయ్యెను. ఆ భవనము పేరు ‘గెవాండ్‌హౌస్’, అనగా వస్త్రశాల. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయు గద్వాల వారికి, బట్టల కొట్టు నీడన ఒక వాద్యబృందము పెరిగెనను మాట ముచ్చట గొల్పకపోదు. 1835లో మెండెల్సన్ ఆ బృందమునకు నాయకుడై, 1843లో అచటనే సంగీత విద్యాలయమును స్థాపించెను. ఇట్లు జీతము, చూరు, బడి మూడును సమకూడినవి. 1884లో కట్టిన రెండవ మందిరము రెండవ ప్రపంచ యుద్ధమున బాంబులకు నాశనమయ్యెను. అయినను బృందము చెదరలేదు. 1981లో మూడవ మందిరము వెలసినది.

తెలుగునాట ఈ మూడింటిలో బడి విలువను గుర్తించిన ఆస్థానము విజయనగరము. 1919లో విజయరామ గజపతి మహారాజు అచట గానపాఠశాలను స్థాపించిరి. సంస్థానోద్యోగి యొకరి కుమారుడు అంధుడు కాగా, ఆతనికి సంగీతము చెప్పించవలెనను తలంపు నుండి ఈ పాఠశాల పుట్టెనని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైరి. ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులుగా చేరి, 1936లో దాసుగారి స్థానము నలంకరించిరి. కృష్ణా జిల్లా నుండి వచ్చి, ఇంటింట మధుకరమెత్తుకొని పొట్ట నింపుకొన్న ఒక పేద బాలుడు ఆ బడిలో చదువుకొనెను. ఆ బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. కొలువుకూటమున నట్టి బాలునికి ద్వారపాలకుని దాటుట దుర్లభము. బడికి మాత్రము ద్వారము తెరచియుండెను. పిమ్మట జమీందారీలు రద్దయి, పాఠశాల ప్రభుత్వాధీనమైనది. 2019లో నూరేండ్లు నిండించుకొన్నది. దానిని స్థాపించిన రాజ్యము నేడు లేదు, బడి యున్నది.

మన సీమలో 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానములు ముగిసినవి. గద్వాల చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారు. ఆస్థానముతోబాటు వార్షికములును నిలిచిపోయినవి. ఇచ్చు చేయి ఒక్కటే యగుటచే, ఆ చేయి ముడుచుకొనగా సభకు దిక్కులేకపోయెను. ఇది దాతల దోషము కాదు. ఆ యేర్పాటులోని లోపము.

అటుపిమ్మట పోషణభారము ప్రజాప్రభుత్వముపై పడెను. 1952లో ఢిల్లీ ఆకాశవాణి యందు జాతీయ వాద్యబృందము ఏర్పడినది. ద్రాక్షారామమున జన్మించిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు తరువాతి కాలమున దానికి కృతులు కూర్చి నడపిరి. 1961లో, రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి సంవత్సరమున, హైదరాబాదులో రవీంద్రభారతి ప్రారంభమయ్యెను. రాజు పిలుపు లేకయే సామాన్యుడు ప్రవేశించి కచ్చేరీ వినదగిన మందిరము మన రాజధానికి లభించెను.

మన కోటలును మేడలును అదే దారి పట్టినవి. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోట యందు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మగారి పేర కళాశాల వెలసినది. వనపర్తి రాజప్రాసాదము 1959లో పాలిటెక్నిక్ విద్యాలయమైనది. ఒకనాడు పండితులకు మాత్రమే తెరచిన ద్వారముల గుండ రైతుబిడ్డలును నేతగాండ్ర బిడ్డలును పుస్తకములు చేతబట్టి లోనికి నడచిరి. చూరును బడియు ఇట్లు ప్రజలకు దక్కినవి.

ఇక మిగిలినది జీతము. లైప్‌జిగ్ నగరవాసులు దానిని ఏ చక్రవర్తిని యాచింపక, చందాలు వేసికొని ఇచ్చిరి. చందా యన నేమో గ్రంథాలయ సభ్యులకు ఒకరు చెప్పనక్కరలేదు. అది చిన్న మొత్తమే. కాని పలువురిది, తప్పక వచ్చునది. ఒక దాత కన్నుమూసినను ఆగనిది. గ్రామ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలిపినది ఆ బలమే. భజన మేళమునకో, వీణ నేర్చు బాలికకో, పదిమంది కూడి వాయించు బృందమునకో నీడ కావలసినప్పుడు, ఆ బలమే వారికిని అండ కాగలదు.