గోరా, వేలికొసా? గిటార్ ఎట్యూడ్ చరిత్ర

క్లాసికల్ గిటార్‌లో ఎట్యూడ్ అంటే వేళ్లకు సాధన, చెవికి సంగీతం. కర్ణాటక సంగీతంలో వర్ణం అభ్యాసానికీ కచేరీకీ రెండింటికీ చెల్లినట్టే, మంచి ఎట్యూడ్ పాఠంలోనూ వేదికమీదా నిలుస్తుంది. ఈ రూపం 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కుదురుకుంది. అంతకు కొద్దికాలం ముందే గిటార్ జంట తీగలు వదిలి ఆరు ఒంటి తీగలకు మారింది. తీగ ఒంటిదయ్యాక ఒక్కో స్వరం బరువునూ రంగునూ వేలు విడిగా దిద్దడం సులువైంది.

మొదట వచ్చింది కసరత్తే. గిటారిస్టు మౌరో జూలియానీ 1812లో వియన్నాలో ప్రచురించిన ఓపస్ 1లో కుడిచేతికి 120 ఆర్పెజియోలున్నాయి; ఆర్పెజియో అంటే కార్డ్‌లోని (కలిసి పలికే స్వరాల గుంపులోని) స్వరాలను ఒకదాని వెంట ఒకటి మీటడం. ఎడమచేయి రెండే కార్డ్‌ల మధ్య తిరుగుతుంటే, కుడిచేతి వేళ్లు వరసలు మార్చుకుంటూ పోతాయి. వేళ్లు సాగడానికి ఇంతకంటే మంచి సాధన దొరకదు గానీ, వినడానికి అందులో ఏమీ లేదు.

ఆ లోటు తీర్చినవాడు ఫెర్నాండో సోర్. 1778లో బార్సెలోనాలో పుట్టి, 1813లో స్పెయిన్ వదిలి, లండన్‌లోనూ రష్యాలోనూ గడిపి, 1839లో పారిస్‌లో మరణించాడు. ఆయన ఎట్యూడ్‌లలో ఎక్కువమందికి తెలిసింది ఓపస్ 35లోని 22వది, బి మైనర్‌లో ఉన్నది. పైన పాట, కింద మంద్రస్వరం, నడుమ ఆగకుండా నడిచే ఆర్పెజియో. మూడింటినీ పలికించేది ఒకే కుడిచేయి. సోర్ దీన్ని తేలికైన అభ్యాసాల మధ్యే పెట్టాడు. స్వరాలు పట్టుకోవడం తేలికే. నడుమ స్వరాలను అణచి ఉంచుతూ పాటను తెగనివ్వకుండా నడపడంలోనే కష్టమంతా ఉంది. అందుకు ఎడమచేతి వేళ్లు తమ మెట్లమీద స్వరం పూర్తి కాలమూ నిలవాలి. వేలు ముందే లేస్తే పాట తెగుతుంది. ఇప్పటివాళ్లు పాటను కుడిచేతి ఉంగరపు వేలికి అప్పగించి కొంచెం బరువు చేరుస్తారు. సోర్ మాత్రం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితోనే దాదాపు పనంతా నడిపేవాడు.

సోర్ గోళ్లతో మీటేవాడు కాదు. 1830లో వెలువడిన తన గిటార్ పద్ధతి గ్రంథంలో గోటి నాదం మీద అయిష్టాన్ని దాచుకోలేదు. ఒక్క ఓబో అనే ఊదే వాద్యం ధ్వనిని అనుకరించాల్సినప్పుడే, బ్రిడ్జికి బాగా దగ్గరగా, ఉన్న కొద్దిపాటి గోటిని వాడాలన్నాడు. ఆయన మిత్రుడు దియోనీసియో అగ్వాదో గోళ్లతోనే వాయించేవాడు. పారిస్‌లో ఇద్దరూ ఒకే భవనంలో ఉన్నారు. ఇద్దరూ కలిసి వాయించడానికి సోర్ ‘ఇద్దరు మిత్రులు’ అనే యుగళం రాశాడు. సోర్ వాదన విన్నాక అగ్వాదో బొటనవేలికి గోరు వాడటం మానేశాడు, మిగతా వేళ్లకు మానలేదు. వాద్యాన్ని ఒంటికి తగలకుండా నిలబెట్టే ముక్కాలి స్టాండునూ అగ్వాదోయే రూపొందించాడు. శరీరం ఆనుకుంటే నాదం మందగిస్తుందన్నది ఆయన ఆలోచన.

ఆ తర్వాతి మార్పు వడ్రంగం నుంచి వచ్చింది. అల్మేరియాకు చెందిన ఆంతోనియో దె తోర్రెస్ డొప్పను పెద్దది చేసి, పలచని పైపలక కింద విసనకర్ర ఆకారంలో బద్దలు అమర్చాడు. నాదమంతా పైపలకదేనని చూపడానికి 1862లో పక్కలు, వీపు అట్టతో చేసి ఒక గిటార్ తయారుచేశాడు. తోర్రెస్ వాద్యం మీద గిటారిస్టు ఫ్రాన్సిస్కో తార్రెగా (1852–1909) ఆపొయాందోకు ప్రాధాన్యమిచ్చాడు. అంటే తీగ మీటిన వేలు పక్క తీగమీద ఆగుతుంది. స్వరం నిండుగా వస్తుంది. జీవితం చివరి ఏళ్లలో తార్రెగా గోళ్లు కత్తిరించుకున్నాడు. శిష్యుల్లో ఎమీలియో పుజోల్ అదే దారి పట్టి, ఈ సమస్యమీద ఒక పుస్తకమే రాశాడు.

వాదం సద్దుమణగడానికి స్పానిష్ గిటారిస్టు ఆంద్రేస్ సెగోవియా పలుకుబడి ఒక కారణం. తీగ మొదట కండకు తగిలి గోటిమీదుగా జారి విడివడే పద్ధతిని ఆయన ప్రపంచమంతా వినిపించాడు. రెండో కారణం నైలాన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పేగు తీగలు కరువయ్యాయి. 1940ల దశకంలోనే న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ తీగలు తెచ్చాడు. పేగు తీగ గోటికి త్వరగా చివికిపోయేది, నైలాన్ ఓర్చుకుంది. 1945లో సెగోవియా సోర్ ఎట్యూడ్‌లు 20 ఏరి ప్రచురించాడు. బి మైనర్‌ది అందులో 5వది. వేళ్ల గుర్తులు ఆయన సొంతం. కాబట్టి అందులో వినిపించేది సగం సోర్, సగం సెగోవియా.

ఎట్యూడ్ యూరప్ కూడా దాటింది. బ్రెజిల్ స్వరకర్త విలా-లోబోస్ సెగోవియాకు అంకితమిచ్చిన 12 ఎట్యూడ్‌లు 1953లో అచ్చయ్యాయి; మొదటిది దాదాపు అంతా ఆర్పెజియోయే. క్యూబాకు చెందిన లెయో బ్రోవర్ తన 20 సరళ ఎట్యూడ్‌లలో మొదటిదాన్ని బొటనవేలికి ఇచ్చాడు: పాట మంద్ర తీగలమీద నడుస్తుంది, పై తీగలు వెనకనుంచి తాళంలా కొడతాయి.