కువైట్‌లో దీర్ఘకాల నివాసం: వీసా, అకామా, తిరుగు ప్రయాణపు నిబంధనలు

గంగవరం (చిత్తూరు జిల్లా): ఉపాధి నిమిత్తం కువైట్ వెళ్ళిన వారి కుటుంబ సభ్యులు అధికారులకు సమర్పించే అర్జీలలో సాధారణంగా కనిపించే మాట ఒక్కటే - మా మనిషి అక్కడ చిక్కుకుపోయినారు, ఇంటికి రప్పించండి అని. పత్రికలలోనూ అదే మాట శీర్షికగా వస్తుంటుంది. అయితే చిక్కుకుపోవడం ఒకే రకమైన స్థితి కాదు. అకామా గడువు తీరినవారు, పని విడిచి పారిపోయినట్లు యజమాని ఫిర్యాదు చేసినవారు, బాకీల కేసులో ప్రయాణ నిషేధానికి గురైనవారు, పత్రాలన్నీ సక్రమంగా ఉండి కూడా యజమాని అనుమతి లభించనివారు - ఈ నాలుగు వర్గాల వారికి నాలుగు వేర్వేరు మార్గాలు గలవు. అర్జీ స్వీకరించిన అధికారి, వార్త వ్రాసే విలేఖరి ముందుగా తెలుసుకోవలసినది బాధితుల వీసా ఏ రకమైనది, అకామా ఏ తేదీతో ముగుస్తుంది అన్న రెండు విషయాలను. ఈ రెండూ తెలియకుండా రాయబార కార్యాలయానికి వ్రాసిన లేఖ తిరిగి అవే ప్రశ్నలతో వస్తుంది, ఈలోగా రోజుకు ఇంత చొప్పున జరిమానా పెరుగుతూనే ఉంటుంది.

రాయలసీమ నుండి, ముఖ్యంగా కడప, చిత్తూరు ప్రాంతాల నుండి కువైట్‌కు వలస దశాబ్దాలుగా సాగుతున్నది. గంగవరం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలలో టమాట ధర, బోరుబావులలో నీరు, పాడి ఆదాయం ఏ సంవత్సరం ఎట్లుండునో చెప్పలేని పరిస్థితి. పురుషులు ఎక్కువగా డ్రైవర్లుగాను, స్త్రీలు ఇంటి పనివారుగాను వెళ్ళుచుండుట తెలిసినదే. బెంగళూరు, చెన్నై విమానాశ్రయాలు దగ్గర కావడం వల్ల ప్రయాణం సులువుగానే తోచుతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే ఉన్నది.

స్వదేశంలో పాటించవలసిన నిబంధనలు

విదేశీ ఉపాధి వలసలు 1983 నాటి వలసల చట్టానికి లోబడి ఉంటాయి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా వలస అనుమతి అవసరమన్న ముద్ర ఉంటుంది. అట్టివారు కువైట్, సౌదీ అరేబియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళదలచినచో ఈ-మైగ్రేట్ విధానం ద్వారా వలసదారుల రక్షణాధికారి అనుమతి పొందవలెను. హైదరాబాదులో ఆ అధికారి కార్యాలయం కలదు. ఈ తరగతి పాస్‌పోర్టు గల స్త్రీలు ఇంటి పనికి వెళ్ళుటకు 30 సంవత్సరాలు నిండి ఉండవలెను. రిజిస్టరైన ఏజెంటు వసూలు చేయదగిన సేవా రుసుము గరిష్ఠంగా రూ. 30,000, దానిపై పన్ను మాత్రమే. లక్షల్లో సొమ్ము అడిగిన ఏజెంటును నిబంధనలు ఎరుగనివాడుగా కాక, వాటిని తప్పించుకొను వాడుగా ఎంచవలసి ఉంటుంది.

ఈ అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కూడ తప్పనిసరి. రెండు సంవత్సరాలకు రూ. 275, మూడు సంవత్సరాలకు రూ. 375 ప్రీమియం చెల్లించిన వారికి ప్రమాద మరణం లేదా శాశ్వత అంగవైకల్యం సంభవించినచో రూ. 10 లక్షల బీమా లభిస్తుంది. సందర్శక వీసాపై వెళ్ళి అక్కడ పనిలో చేరినవారు వలస అనుమతితో పాటు ఈ రక్షణ కూడ కోల్పోతున్నారు.

వీసా సంఖ్యను బట్టి దారి

కువైట్‌లో నివాస అనుమతిని మనవారు అకామా అంటారు. అది ఒక యజమాని, అనగా కఫీల్, పేరుతో ముడిపడి ఉంటుంది. ప్రైవేటు సంస్థలలో పనిచేయు వారిది 18వ నంబరు వీసా, వాడుకలో షూన్ వీసా. ఇంటి పనివారు, ఇంటి డ్రైవర్లు, వంటవారిది 20వ నంబరు, వాడుకలో ఖాదిం వీసా. మొదటి వర్గానికి 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం, రెండవ వర్గానికి 2015 నాటి 68వ నంబరు గృహ కార్మికుల చట్టం వర్తిస్తాయి. ఇంటి డ్రైవరుగా వెళ్ళిన వ్యక్తిని కంపెనీ డ్రైవరుగా పేర్కొని అర్జీ పంపినచో అది వేరే శాఖకు చేరుతుంది.

2025 జూలై 1 నుండి 18వ నంబరు వీసాదారులు దేశం విడిచి వెళ్ళుటకు ముందు యజమాని నుండి ఎలక్ట్రానిక్ నిష్క్రమణ అనుమతి పొందవలెనన్న నిబంధన అమలులోకి వచ్చినది. కార్మికుడు ప్రయాణ తేదీ, ప్రయాణ సాధనం నమోదు చేసిన పిమ్మట యజమాని ఆమోదించవలసి ఉంటుంది. తండ్రి అంత్యక్రియలకు బయలుదేరినవాడు విమానాశ్రయంలో ఆగిపోకుండా ఉండవలెనంటే, టికెట్టు కొనుటకు ముందే ఈ ఆమోదం చేతిలో ఉండవలెను. 20వ నంబరు వీసాదారులకు ఈ నిబంధన వర్తించదు. వారి సమస్య మరొకటి: చాలామంది పాస్‌పోర్టు యజమాని ఇంట బీరువాలోనే ఉంటుంది. 2015 చట్టం ప్రకారం గృహ కార్మికుల పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకొనరాదు. అదే చట్టం వారాంతపు సెలవును, రోజుకు 12 గంటలకు మించని పనిని, సేవాంతంలో సంవత్సరానికొక నెల జీతాన్ని కూడ నిర్దేశించినది.

పొరుగు దేశాలలో దారి వేరు. సౌదీ అరేబియాలో 2021 మార్చి 14 నుండి ప్రైవేటు రంగ కార్మికులు యజమాని సమ్మతి లేకుండానే నిష్క్రమణ వీసా కోరవచ్చును. ఇంటి పనివారికి ఈ వెసులుబాటు లేదు. ఖతార్ 2018లో అధిక శాతం కార్మికులకు, 2020 జనవరిలో ఇంటి పనివారికి సైతం నిష్క్రమణ అనుమతిని తొలగించినది. కావున గల్ఫ్ నిబంధన అని ఒకే మాటలో వ్రాయుట సరికాదు.

గడువు తీరినచో

కువైట్‌లో విదేశీయుల నివాసానికి 1959 నాటి చట్టం స్థానే 2024 నాటి 114వ నంబరు డిక్రీ 2025 జనవరి 5 నుండి అమలులోకి వచ్చినది. అప్పుడు ప్రకటించిన జరిమానాల ప్రకారం, అకామా పునరుద్ధరించుకొనని ప్రైవేటు కార్మికునికి మొదటి నెల రోజుకు 2 దీనార్లు, ఆపై 4 దీనార్లు, గరిష్ఠంగా 1,200 దీనార్లు. ఇంటి పనివారికి రోజుకు 2 దీనార్లు, గరిష్ఠంగా 600. సందర్శక వీసాపై నిలిచిపోయిన వారికి రోజుకు 10 దీనార్లు, గరిష్ఠంగా 2,000. ఇంటి పనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దీనార్లు. అనగా గరిష్ఠ జరిమానా పది నెలల జీతంతో సమానం. పిల్లల చదువుకో, కూతురి పెళ్ళికో పంపవలసిన సొమ్ము ఈ విధంగా పోతున్నది. వీసాలు అమ్ముకొనువారికి ఇదే చట్టం కారాగార శిక్ష విధిస్తున్నది. ఫ్రీ వీసా అన్న పేరుతో మన గ్రామాలలో అమ్ముడగు వీసాలు సాధారణంగా ఈ కోవకు చెందినవే.

యజమాని ఇల్లు విడిచి బయట పనిచేయు వారిని వాడుకలో ఖల్లివెల్లి అంటారు. యజమాని ఫిర్యాదు నమోదైన తరువాత అకామా పునరుద్ధరణ సాధ్యం కాదు. పట్టుబడి దేశబహిష్కరణకు గురైనచో వేలిముద్రలు నమోదగును గనుక వేరే పాస్‌పోర్టుతో తిరిగి ప్రవేశించుట కుదరదు. క్షమాభిక్ష కాలంలో స్వచ్ఛందంగా బయలుదేరిన వారికి ఈ బాధ లేదు. 2018 జనవరి 29న ప్రారంభమైన క్షమాభిక్షను ఏప్రిల్ 22 వరకు పొడిగించినారు. 2020 ఏప్రిల్‌లోను, 2024లో మార్చి 17 నుండి జూన్ 30 వరకు మరల అవకాశమిచ్చినారు. అట్లు వెళ్ళినవారు కొత్త వీసాపై రావచ్చును. అయితే ప్రయాణ నిషేధం గలవారికి ఆ కేసు తేలనిదే నిష్క్రమణ లేదు. తరువాతి క్షమాభిక్ష ఎప్పుడు వచ్చునో ముందుగా ప్రకటించరు. దాని కొరకు వేచియుండుమని బంధువులకు సలహా ఇచ్చుట శ్రేయస్కరం కాదు.

డ్రైవర్లు గమనించవలసిన మరొక విషయం కలదు. 2023 ఆగస్టు నుండి విదేశీయులు ట్రాఫిక్ జరిమానాలు, సెప్టెంబరు నుండి విద్యుత్తు, నీటి బకాయిలు చెల్లించిన పిమ్మటనే దేశం విడువవలెనన్న నిబంధన వచ్చినది. విమానాశ్రయంలో ఆగిపోయినారన్న వార్తకు ఇట్టి చిన్న బకాయి కారణమై ఉండవచ్చును.

అర్జీలో ఉండవలసిన వివరాలు

పాస్‌పోర్టు లేనివారికి కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం జారీ చేస్తుంది. ఔట్‌పాస్ అని మనవారు పిలుచునది ఇదే. ఇది ఒక్కసారి స్వదేశానికి వచ్చుటకు మాత్రమే చెల్లుతుంది. జరిమానాను గాని, ఫిర్యాదును గాని రద్దు చేయదు. దీనికి ముందు ఆ వ్యక్తి భారతీయుడేనని నిర్ధారించవలెను. ఇంట్లో పాస్‌పోర్టు నకలు ఉన్నచో ఆ పని త్వరగా ముగుస్తుంది, లేనిచో గ్రామస్థాయి విచారణకు కాలం పడుతుంది. పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీ నకళ్ళు, కఫీల్ పేరు, ఫోను నంబరు, నివాస ప్రాంతం అర్జీకి జతపరచవలెను. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరును జిల్లా యంత్రాంగానికి తెలియజేసినచో తదుపరి చర్యలు గమనించుట సులభం. స్త్రీల విషయంలో ప్రస్తుతం యజమాని ఇంట ఉన్నారా, బయట ఉన్నారా అన్నది తప్పక వ్రాయవలెను.

సెలవుపై స్వగ్రామానికి వచ్చియున్న వారికీ ఒక గడువు కలదు. నూతన చట్టం ప్రకారం ఇంటి పనివారు యజమాని అనుమతి లేకుండా కువైట్ వెలుపల నాలుగు నెలలకు మించి ఉన్నచో అకామా రద్దగును. ప్రసవానికో, శస్త్రచికిత్సకో వచ్చి ఆలస్యమగునని తెలిసినవారు, నాలుగవ నెల ముగియకముందే యజమాని చేత గడువు పొడిగింపు నమోదు చేయించుకొనవలెను.